గడకు ఆనించిన చెవి

గుండ్రని పుట్టి పడవ నీళ్లలోకి దిగగానే నర్సప్ప మొదట చేసే పని ఎప్పుడూ ఒకటే. వెదురు గడను నిలువునా నీళ్లలోకి దించేవాడు. అడుగు తగిలాక, నీటిమట్టం దగ్గర బొటనవేలు పెట్టి, గడ మీద కత్తితో కోసిన గాట్లు చూసుకునేవాడు. తర్వాత గడను అలాగే నిలిపి, తల వంచి, చెవి వెనక ఎముకను దానికి ఆనించి కళ్లు మూసుకునేవాడు.

కళ్లు తెరిచాక పదింట తొమ్మిదిసార్లు అతని మొహం వేపకాయ నమిలినట్టు ఉండేది. ఎక్కడో ఎవరో బండ మీద బట్టలు బాదుతున్నారు. ఎవడో ఎడ్లను నీళ్లలోకి తోలి అదిలిస్తున్నాడు. నర్సప్ప పుట్టిలో పెట్టుకున్న కొబ్బరిచిప్ప తీసి అందులో ఉమ్మేవాడు. నీళ్లలో ఉమ్మడు. ఒడ్డుకు వచ్చాక ఆ చిప్పను ఇసుకతో తోమి మళ్లీ పుట్టిలో దాని చోటనే పెట్టేవాడు.

పెద్దేముల్ నుంచి తాండూరు దాకా అతన్ని చాలామంది పేరుతో ఎరగరు. చిప్పలో ఉమ్మే బెస్తాయన అంటే ఎరుగుదురు.

కాగ్నా వాగు తాండూరు దాటి గంట నడక దూరం పోయాక ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో నల్లమడుగు. ఎండాకాలం వాగంతా ఇసుక తేలి, మోకాలిలోతు పాయ ఒకటే మిగిలినా, మడుగు నడుమ గుంతలో మూడు నిలువుల నీళ్లుండేవి. పెద్ద వాలుగలు, రవ్వలు, బొచ్చెలు వేసవంతా అక్కడే తలదాచుకునేవి. తొలకరి పడి ఎర్రనీళ్లు రాగానే ఏటికి ఎదురెక్కి గుడ్లు పెట్టేవి. చుట్టుపక్కల వాగులకూ కుంటలకూ చేపపిల్ల ఆ గుంతలో బతికిన తల్లిచేపల నుంచే రావాలి.

అందుకని మడుగు ఒడ్డునున్న పన్నెండు బెస్తోళ్ల ఇండ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఉగాది నాడు ఒడ్డున వెదురు పాతి, దానికి వేపమండ కట్టేవాళ్లు. దాన్ని మడుగు మూయడం అనేవాళ్లు. ఆ రోజు నుంచి కొత్తనీళ్లు వచ్చేదాకా మడుగులో వల పడదు, గాలం పడదు. మృగశిర నాడు ఊరంతా చేపల కోసం ఎగబడినా చెరువు చేపలే తినాలి. మడుగు కాపలా నర్సప్ప ఇంటిది. తాత చేశాడు, తండ్రి చేశాడు, తర్వాత ఇతను.

తండ్రి అతనికి రెండే నేర్పాడు. లోతు, చప్పుడు. రెండూ ఒకటే విద్య అనేవాడు. నిలువు లోతులో తెడ్డు పుట్టి అంచుకు ఒక్కసారి తగిలినా చేప పారిపోతుంది. ఆ పూట ఇక రాదు. రెండు నిలువుల్లో తగిలితే కిందికి దిగి ఆగుతుంది. మూడు నిలువుల్లో అడుగు పట్టిన చేప ఎంత చప్పుడైనా కదలదు, పడుకుని వింటుంది. కదలకపోవడం చేప తెలివి అని నర్సప్ప చిన్నప్పుడు అనుకున్నాడు. అంతకన్నా లోతు లేక, పోవడానికి చోటు లేక అది కదలదని అతనికి నలభై దాటాక తెలిసింది.

పుట్టి లోపల గోనెపట్టా పరిచేవాడు, మడమ చప్పుడు కిందికి దిగకుండా. తెడ్డు మెడకు మేకతోలు చుట్టేవాడు. కాలికి కడియం ఉన్న మనిషిని ఎక్కనిచ్చేవాడు కాదు. ఒకసారి పడుచుతనంలో పుట్టిలో తుమ్మాడు. తండ్రి తిట్టలేదు. ఒడ్డుకు తెచ్చి దింపి, రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నర్సప్పకు తన మీద తనకే అసహ్యం వేసింది. తర్వాత ఆ అసహ్యం లోకం మీదికి పోయింది, అక్కడే ఉండిపోయింది.

నలభై ఎనిమిదిలో రాజ్యం మారినప్పుడు అతనికి ముప్పై ఏళ్లు. ఆ పొద్దున గడలో అతనికి కొత్త చప్పుడు వినపడింది. బరువైనది, వరసగా, తెగకుండా. వచ్చి చెప్తే ఎవరూ పట్టించుకోలేదు. పగటికి బాట మీద దుమ్ము లేచింది, లారీలు వచ్చాయి. ఆ నెలంతా అరుపులే. నిన్నటిదాకా ఒక దొర ముందు చేతులు కట్టుకున్నవాళ్లు ఇంకో దొర కోసం గొంతు చించుకున్నారు. ఆ గొంతుల్లో కొన్ని అవే గొంతులు. నర్సప్ప ఎనిమిది రోజులు పగలంతా పుట్టిలోనే రెల్లుగడ్డి చాటున ఉన్నాడు. భార్య ఎంకమ్మ జొన్నరొట్టె మూటకట్టి ఒడ్డుకు తెచ్చేది.

"రాజ్యం పోయిందటయ్యా" అంది ఒకనాడు.

"పోతే పోనీ. చిన్నగ చెప్పు" అన్నాడు నర్సప్ప.

ఆ నెలలోనే అతనిలో ఒక నమ్మకం గట్టిపడింది. గట్టిగా మాట్లాడేవాడి లోపల ఏదో కుళ్లు ఉంటుంది. మెల్లగా మాట్లాడేవాడు నీళ్లు తెలిసినవాడు. ఈ నమ్మకాన్ని అతను ఎవరికీ చెప్పలేదు. పదమూడేళ్లు మోశాడు.

అతని ఇల్లు మాత్రం గొంతు మీదే నడిచేది. అతను పట్టిన చేపలు ఎంకమ్మ తట్టలో పెట్టుకుని తాండూరు సంతకు పోయేది. ఆమె అరుపు సంత ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. నర్సప్ప సంతకు ఒకే ఒకసారి పోయాడు. చెమట, ఈగలు, పొలుసుల నీచు, వాటన్నిటి మీద తన పెళ్లాం గొంతు. సంత సగం కూడా దాటకుండానే తిరిగొచ్చాడు.

"ఏందయ్యా, నా గొంతు నీకు అంత చేదా?" అని ఆమె సాయంత్రం నిలదీసింది. "నేను అరిస్తెనే నీ చేప చేప. నేను నోరు మూస్తె అది పొద్దు గూకే వరకు కుళ్లు. నువ్వు నీళ్ల మీద మూగోనివి, నేను సంతల మొత్తుకునేదాన్ని. మస్తు జోడీ పెట్టిండు దేవుడు."

నర్సప్ప నవ్వలేదు. కానీ మరునాడు కొర్రమట్ట ఒకటి అమ్మకానికి పెట్టకుండా ఇంట్లో ఉంచాడు. ఆమెకు కొర్రమట్ట ఇష్టం.

అతనికి అన్నిటికన్నా రోత పుట్టించే గొంతు ఒకటుంది. అది మత్తయ్యది. మత్తయ్య అవతలి ఒడ్డున క్రైస్తవుల వాడలో ఉండేవాడు. మొదట పొలం పనులు చేశాడు, తర్వాత నాపరాళ్ల గనికి పోయాడు. పైరాయి పగలగొట్టడానికి మందు పెట్టి పేల్చేచోట పదేళ్లు పనిచేశాక చెవులు పోయాయి. తన మాట తనకు వినపడదు కాబట్టి ఎదుటి మనిషితో కూడా నాలుగు చేలకు అవతల ఉన్నవాడిని పిలిచినట్టు మాట్లాడేవాడు. పొద్దున గనికి పోతూ మడుగు దగ్గర ఆగేవాడు.

"నర్సన్నా! చేపలున్నయా?"

"ఉండె. నువ్వు అడిగేదాక" అని నర్సప్ప గొణిగేవాడు. మత్తయ్యకు వినపడేది కాదు. అతను పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, చెయ్యి ఊపి పోయేవాడు. నర్సప్ప చిప్ప అందుకునేవాడు.

అరవై ఒకటి ఎండాకాలం, మడుగు మూసి నెల దాటాక, గని సేటు జీపులో వచ్చాడు. వెనక బండిలో రేకు పడవ. పడవ తోకకు బిగించే మోటరు ఒకటి, కిరసనాయిలు వాసన కొడుతూ, గోనెసంచిలో. గనికి రైలుపట్టా వేయించే పెద్దసార్లు హైదరాబాదు నుంచి రాబోతున్నారు. వాళ్ల విందుకు మనిషంత వాలుగ కావాలని సేటు ముచ్చట.

నర్సప్ప ఒడ్డున పాతిన వెదురును, దాని మీద ఎండిన వేపమండను చూపించాడు.

"ఏందది?" అన్నాడు సేటు.

"మడుగు మూసినం దొరా. కొత్తనీళ్లు వచ్చేదాక ఎవ్వరు పట్టరు."

"చేపలకు గూడ ఎండకాలం సెలవులిస్తరా మీరు?" సేటు నవ్వాడు. ఆ నవ్వుకు రెల్లులోంచి కొంగ ఒకటి లేచిపోయింది. జీపు డ్రైవరు కూడా నవ్వాడు, నవ్వడం అతని పనిలో భాగం కాబట్టి.

సేటు రెండు రోజులు ప్రయత్నించాడు. మోటరు తాడు లాగితే దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, చివరకు మడుగంతా అదిరేలా అరిచేది. నీళ్లు తేటగా ఉన్నాయని అతను లోతు తక్కువున్న చోటికే పోయి గాలాలు వేసేవాడు. మోటరు మొదటి దగ్గుకే అక్కడివన్నీ గుంతలోకి దిగిపోయేవి. దిగనివి రెల్లు మొదళ్లలో దూరేవి. సేటు చెమటలు తుడుచుకుంటూ, తనవాళ్ల మీద కేకలేస్తూ, తినేసిన పండ్ల తొక్కలు నీళ్లలోకి విసురుతూ కూర్చునేవాడు. నీళ్ల మీద నూనెతెట్టు కట్టింది. కిరసనాయిలు, చెమట, సిగరెట్టు, నీళ్లలో నానుతున్న తొక్కలు. నర్సప్ప ఒడ్డున గొంతుకూర్చుని చూశాడు. చిప్ప రెండుసార్లు నిండింది.

కానీ లోపల ఎక్కడో హాయిగా ఉంది. అసహ్యించుకున్న మనిషి ఓడిపోతుంటే చూడడంలో ఉండే హాయి అది. రెండో సాయంత్రం సేటు గాలాలు బండిలో పడేసి, "ఈ గుంతల కప్పలు గూడ లెవ్వు" అని అరిచి పోయాడు. రేకు పడవ మాత్రం ఒడ్డునే కట్టేసి ఉంది. నర్సప్ప దాని గురించి ఆలోచించలేదు.

మరునాడు ఒక మనిషి కాలినడకన వచ్చాడు.

నర్సప్ప పుట్టిలోంచి చూశాడు. ఆ మనిషి ఈతచెట్టు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, వట్టికాళ్లతో ఇసుక మీద నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చి కూర్చున్నాడు. పలకరించలేదు. బీడీ వెలిగించలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా కూర్చుని, లేచి, వచ్చినట్టే పోయాడు. రెండోనాడూ అంతే. మూడోనాడు నర్సప్పే పుట్టిని ఒడ్డుకు తెచ్చాడు.

"ఏ ఊరు?"

"సేడం దిక్కు అణ్ణా. దేవప్ప అంటరు." గొంతు మెత్తగా, పక్కనున్నవాడికి మాత్రమే అందేంత. "గనిల పని. ఇక్కడ కూసుంటె పాణం నిమ్మళంగ ఉంటది."

గనిలో ఏం పని అని నర్సప్ప అడగలేదు. అడగడం కూడా ఒక అనవసరమైన చప్పుడే. "ఎక్కు" అన్నాడు.

నలభై మూడేళ్ల వయసులో నర్సప్పకు తన విద్య చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. కొడుకులు లేరు. బిడ్డను పెద్దేముల్‌కు ఇచ్చాడు. అల్లుడు గొర్లు కాస్తాడు, నీళ్లంటే భయం. వాడలో మిగతా బెస్తోళ్లు వల విసరడం నేర్చినవాళ్లే, వినడం నేర్చినవాళ్లు లేరు. దేవప్ప పుట్టిలోకి దిగడమే పిల్లి దిగినట్టు దిగాడు. గోనెపట్టా మీద మడమ ఆనకుండా కూర్చున్నాడు. అది చూసి నర్సప్ప పుట్టిని నేరుగా మడుగు నడుమకు తోశాడు.

గుంత మీద పుట్టి నిలిపి, గడ దించి, దేవప్ప తల పట్టుకుని చెవి వెనక ఎముకను గడకు ఆనించాడు.

"ఏం వినవస్తుంది?"

"జుమ్మని…"

"రైలు. వాడి జంక్షన్ దిక్కు నుంచి వస్తుంది. ఇంకా జర దూరం ఉంది. దానికి చేప బెదరదు. ఎందుకంటె అది దినాం వస్తది, ఒక్క తీరుగ వస్తది, ఒక్క తీరుగ పోతది. చేపకు చప్పుడు తోని ఫికర్ లేదు. మారే చప్పుడు తోనే. పెరిగి తగ్గి, తగ్గి పెరిగే చప్పుడుంటదే, దానికి ఆగదు."

"మరి మోటరు?"

"మోటరుకు తక్కువ లోతుల ఉన్నయి పారిపోతయి."

"యాడికి పోతయి అణ్ణా?"

నర్సప్ప చేత్తో కిందికి చూపించాడు. "గిటు. ఇంకేడికి పోతయి? నాలుగు దిక్కుల ఇసుకే. అన్ని గీ గుంతలకే దిగుతయి. దిగినంక నెత్తిమీద మోటరు తిప్పినా కదలయి."

"ఎంత లోతుంటది?"

"గీ గాటు దాక. చూడు."

దేవప్ప ఆ గాటు మీద వేలు పెట్టి, మొదటి నుంచి దానిదాకా గడను మూరలతో మెల్లగా కొలిచాడు. శ్రద్ధగల శిష్యుడు. నర్సప్పకు ఆ వేలు కదలిక కూడా నచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో అతను నెల మొత్తంలో మాట్లాడేదానికన్నా ఎక్కువ మాట్లాడాడు. ఎంకమ్మ రొట్టె తట్టుతూ విన్నది.

"అయితె ఎవరాయన?"

"మంచోడు. చెప్పులు ఈతచెట్టు కాడనే ఇడిసి వస్తడు."

"చెప్పులు ఇడిసినోడల్ల మంచోడైతె, చెప్పులు లేని మన వాడంత దేవతలేనాయె" అంది ఎంకమ్మ. "గని మనిషి అంటున్నవ్. సేటు పంపితె వచ్చిండేమో అడిగినవా?"

"సేటు మనిషైతె సేటు లెక్కనే మొరుగుతడు."

"మొరగని కుక్కలు చూడలేదా నువ్వు?"

నర్సప్ప మొహం చిట్లించి బయటికి పోయాడు.

తర్వాత నాలుగు రోజులు దేవప్ప రాలేదు. ఐదోనాడు పొద్దున్నే నర్సప్ప గుంత మీద పుట్టిలో ఉన్నాడు. గడ దించి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. గుంత నిండుగా ఉంది. పెద్ద చేప తోక కదిపితే గడలో ఒక మెత్తని ఒత్తిడి తెలుస్తుంది. అలాంటివి ఆ పొద్దున లెక్కలేనన్ని. ఇంకో నెల. కొత్తనీళ్లు వస్తే ఈ ఏడు గట్టెక్కినట్టే. అతను ఏటా ఆ ఒక్క దానికోసమే ఎదురుచూసేవాడు.

"నర్సన్నా! ఓ నర్సన్నా!"

గడలోని మెత్తదనం చెదిరిపోయింది. నర్సప్ప కళ్లు తెరిచాడు. ఒడ్డున మత్తయ్య. ఈసారి నవ్వడం లేదు. వాగు దాటి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, నీళ్లు ఎగజిమ్మి పంచె మొలదాకా తడిసింది. రెండు చేతులూ ఊపుతున్నాడు.

"నర్సన్నా! గా దేవప్ప…"

నర్సప్ప గడ ఎత్తి గాలిలో ఆడించాడు. నోటి మీద చెయ్యి పెట్టి చూపించాడు. నోరు మూసుకుని పొమ్మని. మత్తయ్య ఇంకా ఏదో అన్నాడు, ఇంకా గట్టిగా. అతని నోట్లోంచి తుంపర ఎగరడం అంత దూరం నుంచి కూడా కనిపించింది. నర్సప్ప పుట్టిని తిప్పి, అతని వైపు వీపు పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

మత్తయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. తను గట్టిగా అరుస్తానని అతనికి తెలుసు. వాడలో పిల్లలు కూడా ఎక్కిరిస్తారు. సిగ్గుపడ్డాడు. తలగుడ్డతో మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

పగటికి సేటు మనుషులు వచ్చారు.

రేకు పడవ మడుగు ఎగువన, నడుములోతు నీళ్లలో దిగింది. మోటరు మొదలైంది. ఈసారి అది సేటు తిప్పినట్టు తిరగలేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, మళ్లీ ఈ ఒడ్డుకు, ప్రతిసారీ నాలుగడుగులు కిందికి జరుగుతూ వచ్చింది. చప్పుడు పెరిగేది, తగ్గేది, ఒక్కసారిగా ఆగిపోయేది, మళ్లీ అరిచేది. చేను దున్నే మనిషి ఒక్క చాలు వదలకుండా దున్నినట్టు ఆ పడవ నీళ్లను దున్నుకుంటూ వచ్చింది. దిగువ నుంచి నలుగురు మనుషులు నీళ్లలో రేకుడబ్బాలు కొడుతూ వస్తున్నారు.

గుంత మీద పుట్టిలో ఉన్న నర్సప్పకు మొదట కోపం వచ్చింది. తర్వాత గడ వణికింది. ఏదో గడను రాసుకుంటూ పోయింది. ఇంకొకటి. ఇంకొకటి. గడను పట్టుకున్న చెయ్యి ఆగకుండా అదురుతుంటే, అతను అలవాటుగా తల వంచి చెవి ఆనించాడు. మడుగులో ఉన్న ప్రాణమంతా అతని కిందికి దిగుతోంది. అతను చెప్పినట్టే. పొల్లుపోకుండా.

"అణ్ణా, ఒడ్డుకు రా."

ఆ గొంతు మెత్తగా, దగ్గరగా వచ్చింది. దేవప్ప ఇంకో చిన్న తెప్ప మీద ఉన్నాడు, వట్టికాళ్లతో. అతని ముందు మూడు మందుకట్టలు. ఒక్కోదానికి నాపరాయి ముక్క కట్టి ఉంది, మునగడానికి. ఒక్కోదానికి తాడు. ఆ తాడుకు ముడులు. నర్సప్ప వాటిని చూశాడు. తన గడ మీది గాట్లు ఆ తాడు మీద ముడులయ్యాయి. గనిలో దేవప్ప చేసే పని ఏదో అప్పుడు తెలిసింది. అతను మందు పేల్చే మేస్త్రి.

నర్సప్ప అరవాలనుకున్నాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి గాలి వచ్చింది, గొంతు రాలేదు. మడుగు మీద అరవడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఇద్దరు మనుషులు పుట్టికి తాడేసి, పశువును లాగినట్టు అతన్ని ఒడ్డుకు లాగారు. గడ నీళ్లలోనే ఉండిపోయింది. చిప్ప పుట్టి కుదుపుకు ఎగిరి నీళ్లలో పడి, ఊగుతూ పోయింది.

మూడు పేలుళ్లు. చప్పుడు అనుకున్నంత పెద్దగా లేదు, లోతు దాన్ని మింగింది. కాళ్ల కింద నేల మాత్రం మూడుసార్లు ఎగిరింది. గుంత నడుమ నీళ్లు గుబ్బలా లేచి పడ్డాయి, అడుగు బురద పైకి వచ్చింది. తర్వాత తెల్లపొట్టలు రావడం మొదలైంది. ఒకటి, నాలుగు, తర్వాత మడుగంతా. కొన్నింటికి నోట్లోంచి లోపలి తిత్తి బయటికి వచ్చింది. కొన్ని పొట్టలు పగిలి గుడ్లు కారుతున్నాయి, పసుపురంగు నూకలా, బురదనీళ్ల మీద తెట్టు కడుతూ. బురద వాసన, మందు వాసన, పచ్చినీచు. సేటు జీపు దిగి వచ్చి చప్పట్లు కొట్టాడు.

పెద్దవాటిని పదకొండింటిని ఏరుకున్నారు. మనిషంత వాలుగ ఒకటి నిజంగానే దొరికింది. దాన్ని ఇద్దరు భుజాన వేసుకుంటే తోక ఇసుకలో గీత గీసుకుంటూ పోయింది. మిగతా వందల చేపలను అక్కడే వదిలేశారు. వాటి అవసరం విందుకు లేదు.

దేవప్ప మోచేతిపొడుగు రవ్వ ఒకటి తెచ్చి నర్సప్ప ముందు ఇసుక మీద పెట్టాడు. దాని కన్ను ఒకటి లేదు.

"నీ వంతు అణ్ణా" అన్నాడు, మెల్లగా. "నువ్వు చెప్పకుంటె అయ్యే పని గాదు."

అందులో ఎగతాళి లేదు. అతను నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. అతనికి ఇది కూడా ఒక రాయి, సరైన లోతులో మందు పెడితే సరిగ్గా పగిలిన రాయి. ఈతచెట్టు దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కుని వెళ్లాడు.

నర్సప్ప నోరు నీళ్లతో నిండింది. చెయ్యి చిప్ప కోసం వెతికింది. చిప్ప లేదు. ముందు మడుగు ఉంది, ఉమ్మినా ఇక దానికి కొత్తగా వచ్చే మైల ఏమీ లేదు. అయినా ఉమ్మలేకపోయాడు. మింగాడు.

పొద్దు వాలేసరికి బెస్తోళ్ల వాడంతా ఒడ్డుకు వచ్చింది.  ఎంకమ్మ తట్ట తెచ్చింది. చచ్చిన పిల్లచేపలను తట్టకెత్తి దూరంగా గోతిలో పోయడం మొదలుపెట్టింది. సంతకు తీసుకుపోదామా అని ఎవరో అడిగారు.

"నోరు పడిపోతది, వీటిని అరిచి అమ్మితె" అంది.

చాలాసేపటికి, చేతులు ఇసుకతో రుద్దుకుంటూ, భర్త పక్కన కూర్చుంది. అతను నీళ్లవైపు చూడడం లేదు.

"పొద్దున మత్తయ్య ఉరుక్కుంట పోయిండు, నేను ఇంటి ముంగట ఊడ్వంగ చూసిన" అంది. "పని ఇడిసిపెట్టి గింత దూరం నీ కాడికి ఏం చెప్పనీకి వచ్చిండయ్యా?"

నర్సప్ప నోరు తెరిచాడు. చెప్పడానికి అతని దగ్గర 'గా దేవప్ప' అన్న రెండు మాటలే ఉన్నాయి. ఆ తర్వాత తన చేతులే ఉన్నాయి, తన చెవుల మీద.

ఎంకమ్మ లేచి, తట్ట ఎత్తుకుని గోతివైపు పోయింది.

మరునాడు పొద్దున మడుగు కంపు కొడుతోంది. నర్సప్ప పుట్టి తియ్యలేదు. దిగువన మోకాలిలోతు పాయలో వాగు దాటి, అవతలి ఒడ్డున క్రైస్తవుల వాడకు నడిచిపోయాడు. ఇన్నేళ్లలో అక్కడికి ఎప్పుడూ పోలేదు. మత్తయ్య ఇల్లు ఏదో అతనికి తెలియదు. వాడ మొదట్లో, బాట మీద నిలబడ్డాడు. అడగడానికి ఎవరూ కనిపించలేదు.

"మత్తయ్యా!"

గొంతు పగిలి, పిలిచినట్టుగా కాక దగ్గినట్టుగా వచ్చింది. కుక్క ఒకటి లేచి మొరిగింది. అతను ఊపిరి పీల్చి మళ్లీ అరిచాడు. మూడోసారికి మెడ నరాలు తేలాయి. తలుపుల్లోంచి ఆడవాళ్లు, ముసలివాళ్లు తొంగిచూశారు. చిప్పలో ఉమ్మే బెస్తాయన బాట నడుమ నిలబడి అరుస్తున్నాడు.

ఎవరో పిల్లవాడు చెయ్యి పట్టి లాక్కొస్తే చివరింట్లోంచి మత్తయ్య వచ్చాడు, నోట్లో వేపపుల్లతో. నర్సప్పను చూసి ఆగిపోయాడు. పుల్ల తీసి చేతిలో పట్టుకున్నాడు.

నర్సప్ప అతని దగ్గరికి పోయి, అతని మొహానికి ఎదురుగా, వాడంతా వినేలా అరిచాడు.

"నిన్న ఏం చెప్పనీకొచ్చినవ్? ఇప్పుడు చెప్పు. గట్టిగ చెప్పు."

అని, మత్తయ్య ఇంటిముందు బండ మీద కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.